నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదల, ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన పిల్లల ప్రత్యేక చికిత్స విభాగంలో) కొన్ని వారాలు గడిపిన బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాక అసలు సందేహాలు మొదలవుతాయి. డిశ్చార్జ్ రోజు నుంచి బడి వయసు దాటేవరకు తల్లిదండ్రులు, అమ్మమ్మలు, నానమ్మలు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. మందుల మోతాదులు లెక్క అర్థం కావడానికి ఇచ్చినవే. మీ బిడ్డకు ఎంత అన్నది చూసే డాక్టరే చెప్పాలి.

ఎన్ని వారాలకు పుడితే నెలలు నిండనట్టు?

37 వారాలు పూర్తికాకముందు పుడితే. అందులోనూ తేడాలున్నాయి. 28 వారాల లోపు పుట్టినవాళ్లకు ముప్పు అన్నిటికంటే ఎక్కువ. 28 నుంచి 32 వారాల లోపు వాళ్లది ఆ తర్వాతి స్థానం. 32 నుంచి 36 వారాల మధ్య పుట్టినవాళ్లలో ఎక్కువమంది పెద్ద ఇబ్బందులు లేకుండా ఎదుగుతారు.

"ఎనిమిదో నెలలో పుట్టాడు" అని చెబితే డాక్టరుకు సరిపోదు. 32 వారాలకు పుట్టినా, 35 వారాలకు పుట్టినా మనవాళ్లు ఎనిమిదో నెలనే అంటారు, కానీ ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. అందుకే డిశ్చార్జ్ కాగితంలో ఈ వివరాలు ఉన్నాయో లేదో చూసుకుని, లేకపోతే అక్కడే రాయించుకోండి: ఎన్ని వారాలకు కాన్పయింది, పుట్టిన బరువు, వెంటిలేటర్ మీద, ఆక్సిజన్ మీద ఎన్ని రోజులు ఉంది, మెదడు స్కాన్‌లో ఏం తేలింది, కంటి పరీక్ష ఎప్పుడు చేశారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, వినికిడి పరీక్ష అయిందా, ఏ టీకాలు పడ్డాయి.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అంటారు. నిజమేనా?

కాదు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు మేలే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కంటే అవకాశాలు ఎప్పుడూ మెరుగే.

కరెక్టెడ్ వయసు అంటే ఏమిటి? ఎలా లెక్కపెట్టాలి?

స్కాన్‌లో ఇచ్చిన డెలివరీ తేదీని సున్నా రోజుగా పెట్టుకుని అక్కడి నుంచి లెక్కపెట్టే వయసు. ఒక ఉదాహరణ చూద్దాం. బిడ్డ 30 వారాలకు పుట్టింది. 40లోంచి 30 తీస్తే తరుగు 10 వారాలు. ఇవాళ్టికి పుట్టి 26 వారాలు, అంటే క్యాలెండర్ లెక్కన ఆరు నెలలు. అందులోంచి 10 తీసేస్తే 16 వారాలు. ఈ బిడ్డ నాలుగు నెలలైనా నిండని పాప చేసే పనులు చేస్తుందే తప్ప, ఆరు నెలల పాప చేసే పనులు చేయదు. అది వెనకబడటం కాదు.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసుకునే ఇళ్లలో పక్కింటి బిడ్డతో పోలిక తప్పదు. పోల్చాల్సి వస్తే కరెక్టెడ్ వయసుతోనే పోల్చండి. రెండేళ్లు నిండేదాకా ఇదే లెక్క.

అయితే టీకాలు కూడా కరెక్టెడ్ వయసుకే వేయించాలా?

వద్దు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎదుగుదల, బరువు, తిండి కరెక్టెడ్ వయసుతో చూడాలి. టీకాలు, కంటి పరీక్ష, వినికిడి పరీక్ష పుట్టిన తేదీతో చూడాలి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాలు పుట్టిన తేదీ నుంచి 6, 10, 14 వారాలకే పడాలి. "బిడ్డ సన్నగా ఉంది, కొంచెం ఒళ్లు చేశాక వేయిద్దాం" అని ఆపితే, కోరింత దగ్గు లాంటి జబ్బు అసలే బలహీనంగా ఉన్న ఊపిరితిత్తుల మీద పడుతుంది. డోసు సగానికి తగ్గించడం కూడా తప్పు. మొత్తం డోసు వేయాల్సిందే. ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకా మొదటిసారి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి వేయించడం మంచిది. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వేయించుకుంటే ఇంకా మేలు.

బిడ్డ చక్కగా చూస్తోంది. కంటి పరీక్ష అవసరమా?

అవసరమే. ఈ పరీక్షను వాయిదా వేయకండి.

కంటి వెనక ఉండే రెటీనా పొరలోకి రక్తనాళాలు అంచులదాకా చేరేసరికి దాదాపు నెలలు నిండుతాయి. ముందే పుట్టిన బిడ్డలో ఆ పని సగంలో ఆగుతుంది. తర్వాత నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను లాగేస్తాయి. దీన్నే ఆర్‌ఓపీ అంటారు. ఎక్కువ ఆక్సిజన్ అవసరమైన, ఇన్ఫెక్షన్లు సోకిన, బరువు సరిగా పెరగని పిల్లల్లో ముప్పు ఎక్కువ. బయటికి ఏ గుర్తూ కనిపించదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. కనుపాప తెల్లగా మెరిసే దశ వచ్చిందంటే చూపు దక్కించుకునే సమయం చాలావరకు దాటిపోయినట్టే.

మన దేశంలో 34 వారాల లోపు గానీ, 2 కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన 30 రోజుల లోపు మొదటి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు పుట్టినవాళ్లకు రెండు మూడు వారాలకే చేయాలి. 34 నుంచి 36 వారాలకు పుట్టినా ఆక్సిజన్ మీదో, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తోనో ఉన్న బిడ్డకు కూడా చేయించాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల దీనికి ప్రత్యేక విభాగాలున్నాయి. మీ జిల్లాలో ఎక్కడ చేస్తారో డిశ్చార్జ్‌కు ముందే అడిగి తెలుసుకోండి.

పరీక్షకు గంట ముందు పాలు ఆపుతారు. చుక్కలు వేసి కనుపాప పెద్దది చేసి చూస్తారు. బిడ్డ ఏడుస్తుంది, కానీ అది కొన్ని నిమిషాల పనే. ఒక్కసారి చూసి బాగుందన్నా అయిపోలేదు. రక్తనాళాలు అంచులదాకా చేరాయని డాక్టరు చెప్పేవరకు వారానికో రెండు వారాలకో వెళ్తూనే ఉండాలి. లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ కావాలంటే రెండు మూడు రోజుల్లో చేయించాలి. "వచ్చే వారం మంచి రోజు చూసుకుని" అనుకునే తీరిక ఉండదు. ఇంజెక్షన్ తీసుకున్న పిల్లల్లో జబ్బు కొన్ని వారాల తర్వాత తిరగబెట్టవచ్చు, కాబట్టి వాళ్లను ఇంకా ఎక్కువకాలం చూపించాలి.

ఆర్‌ఓపీ రాని పిల్లలకూ దూరపు చూపు తగ్గడం, మెల్ల రావడం నెలలు నిండినవాళ్లలో కంటే ఎక్కువ. ఏడాది వయసుకు ఒకసారి, ఆపై బడిలో చేరేవరకు ఏటా చూపించండి.

చప్పుడుకు ఉలిక్కిపడుతోంది కదా, వినికిడి పరీక్ష ఎందుకు?

తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే బిడ్డకు సన్నని మాటలు వినపడకపోవచ్చు. వెంటిలేటర్, తీవ్రమైన కామెర్లు, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులు లోపలి చెవి నరాలను దెబ్బతీయగలవు. ఐదు రోజులకు మించి ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డకు ఓఏఈ అనే పరీక్ష ఒక్కటే చాలదు, బెరా పరీక్ష కూడా కావాలి. ఓఏఈ లోపలి చెవిని మాత్రమే చూస్తుంది. నరంలో లోపాన్ని పట్టేది బెరానే. నెల రోజుల్లో మొదటి పరీక్ష, లోపం అనుమానమైతే మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా వినికిడి యంత్రం. ఈ గడువులు పాటించిన పిల్లలకు మాటలు బాగా వస్తాయి.

బరువు ఎంత పెరగాలి?

స్కాన్‌లో ఇచ్చిన డెలివరీ తేదీ దాటాక మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు. రోజూ తూచకండి. వారానికోసారి, ఒకే తూకం మీద, బట్టలు లేకుండా తూచండి. బరువుతోపాటు పొడవు, తల చుట్టుకొలత కూడా కొలిపించాలి. తల పెరగకపోయినా, వారంలో ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి పెరిగినా వెంటనే చెప్పాలి. మెదడులో రక్తస్రావం అయిన బిడ్డలో తల వేగంగా పెరుగుతుంటే లోపల నీరు చేరుతున్నట్టు కావచ్చు.

తల్లిపాలే అన్నిటికంటే మంచివి. రొమ్ము పట్టే బలం లేని బిడ్డకు పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా వద్దు. రెండున్నర కిలోలు వచ్చేదాకా, లేదా బిడ్డే విసుక్కుని జారిపోయేదాకా కంగారూ సంరక్షణ (బట్టలు అడ్డం లేకుండా బిడ్డను ఒంటికి ఆనించి గుండెలకు హత్తుకోవడం) ఇంట్లోనూ కొనసాగించండి. రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకూడదు. నాన్న, నానమ్మ కూడా గుండెలకు హత్తుకోవచ్చు.

ఐరన్, విటమిన్ డి చుక్కలు ఎంతకాలం?

ఏడాది నిండేదాకా. తల్లి నుంచి బిడ్డకు ఐరన్ చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. ముందే పుట్టిన బిడ్డ దాదాపు ఖాళీ కొట్టుతో వస్తుంది. రక్తహీనత మెదడు ఎదుగుదలను కూడా మందగింపజేస్తుంది. మామూలుగా కిలో బరువుకు రోజుకు 2 నుంచి 4 మి.గ్రా. ఐరన్ ఇస్తారు. 3 కిలోల బిడ్డకు 2 మి.గ్రా. చొప్పున లెక్కేస్తే 6 మి.గ్రా. సీసా మీద ఒక మి.లీ.లో 10 మి.గ్రా. అని ఉంటే 0.6 మి.లీ. పట్టాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, బిడ్డ బరువు రెట్టింపైనా పాత మోతాదే పడుతుంటుంది. ప్రతి చెకప్‌లో మోతాదు మళ్లీ లెక్కగట్టించుకోండి. రెండోది, మందుల షాపులో వేరే కంపెనీ సీసా ఇస్తే దాని బలం వేరేగా ఉంటుంది. విటమిన్ డి విషయంలో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. రోజుకు 400 యూనిట్లు కావాలంటే, మి.లీ.కి 400 ఉన్న సీసాలోంచి ఒక మి.లీ., మి.లీ.కి 800 ఉన్న సీసాలోంచి అర మి.లీ. మాత్రమే. ఐరన్ పడుతున్నప్పుడు విరేచనం నల్లగా రావడం మామూలే.

అన్నప్రాసన ఎప్పుడు చేయాలి?

వేడుక మీ ఆచారం ప్రకారం చేసుకోండి. నాలుక మీద పరమాన్నం తాకిస్తే ఇబ్బంది లేదు. రోజూ తిండి పెట్టడం మాత్రం కరెక్టెడ్ వయసు ఆరు నెలలకు దగ్గరవుతున్నప్పుడు, తల నిలిచి, ఆసరాతో కూర్చోగలిగినప్పుడు మొదలుపెట్టాలి. ఢిల్లీలోని మూడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 34 వారాల లోపు పుట్టిన పిల్లల మీద జరిగి 2017లో వెలువడిన పరిశోధనలో, కరెక్టెడ్ నాలుగు నెలలకే తిండి మొదలుపెట్టినవాళ్లు, ఆరు నెలలకు మొదలుపెట్టినవాళ్ల కంటే బరువేమీ ఎక్కువ పెరగలేదు. పైగా ఆసుపత్రిలో చేరాల్సి రావడం వాళ్లలోనే ఎక్కువైంది.

పల్చటి రాగిజావ, పప్పుకట్టు పొట్ట నింపుతాయి గానీ బలం తక్కువ. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత గట్టిగా పప్పన్నం మెత్తగా మెదిపి, ఒక చెంచా నెయ్యి గానీ నూనె గానీ కలపండి. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు. తర్వాత ఉడికించిన గుడ్డు, చిలగడదుంప, అంగన్‌వాడీ బాలామృతం. ముక్కులోంచి గొట్టంతో పాలు పట్టించుకున్న పిల్లలకు నోట్లో ఏం పెట్టినా వికారం రావచ్చు. ముక్కు మూసి, చేతులు పట్టుకుని కుక్కితే ఆ భయం ఏళ్లతరబడి ఉండిపోతుంది. గిన్నె ముందు పెట్టి చేత్తో తాకనివ్వండి, చిందరవందర చేసినా సరే.

తేనె, ఆవుపాలు ఏడాది లోపు వద్దు.

ఏ వయసుకు ఏం చేయాలి? ఎప్పుడు కంగారు పడాలి?

కరెక్టెడ్ వయసు ప్రకారం రెండు నెలలకల్లా మొహం చూసి నవ్వుతుంది. నాలుగు నెలలకు మెడ నిలుస్తుంది. ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చుంటుంది. 18 నెలల లోపు నడుస్తుంది.

వీటిలో ఏది కనిపించినా తర్వాతి చెకప్ దాకా ఆగకండి: మూడు నెలలకూ నవ్వు లేకపోవడం, ఐదు నెలలకూ మెడ వాలిపోవడం, నాలుగు నెలలు దాటినా పిడికిళ్లు బిగించే ఉంచడం, న్యాపీ మార్చేటప్పుడు తొడలు విడదీయలేనంత బిగుసుకుపోవడం, నిలబెడితే కాళ్లు కత్తెరలా పెనవేసుకోవడం, నేర్చుకున్న పని మరిచిపోవడం. ఏడాది లోపు ఒకే చెయ్యి వాడటం కూడా ఇందులోదే. "మావాడు ఎడమచేతి వాటం" అని మురిసిపోతారు గానీ, ఆ వయసులో చేతివాటం ఉండదు. రెండో చెయ్యి బలహీనంగా ఉందేమో చూడాలి.

"వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అని చాలా ఇళ్లలో ఎదురుచూస్తారు. నెలలు నిండిన బిడ్డ విషయంలో కొన్నిసార్లు ఆ మాట చెల్లుతుంది. నెలలు తక్కువ బిడ్డ విషయంలో ఆ నిరీక్షణే నష్టం.

మెదడు స్కాన్‌లో రక్తస్రావం అన్నారు. నడవలేడా?

మాడు మీదుగా తీసే అల్ట్రాసౌండ్‌లో రక్తస్రావాన్ని నాలుగు గ్రేడ్లుగా చెబుతారు. గ్రేడ్ 1, 2 అయితే ఎక్కువమంది పిల్లల్లో అది కరిగిపోతుంది, నడకకు అడ్డం రాదు. గ్రేడ్ 3, 4 అన్నా, పీవీఎల్ అని మెదడులోని తెల్లపదార్థంలో గుల్లలు కనిపించినా సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే సమస్య) ముప్పు బాగా పెరుగుతుంది. అలాగని స్కాన్ మామూలుగా ఉంటే పూచీ ఇచ్చినట్టూ కాదు.

ఏడాది దాకా ఆగకుండా ముందే పట్టుకునే దారి ఉంది. కరెక్టెడ్ వయసు మూడు, నాలుగు నెలల మధ్య బిడ్డ ఒళ్లంతా చిన్న చిన్నగా, ఆగకుండా కదిలిస్తూ ఉంటుంది. ఆ కదలికలు లేకపోవడం గట్టి హెచ్చరిక. పాలు తాగి మెలకువగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కాళ్లు కనిపించేలా, బొమ్మలు చూపకుండా, పలకరించకుండా పైనుంచి ఐదు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. దాన్ని ఈ పరీక్షలో శిక్షణ ఉన్న పిల్లల డాక్టరుకో, ఫిజియోథెరపిస్టుకో చూపించండి.

ఇంట్లో మేం ఏం చేయగలం? ఎక్కడికి వెళ్లాలి?

మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టండి. మొదట రెండు మూడు నిమిషాలు, రోజులో నాలుగైదుసార్లు. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలానే. రోజంతా ఉయ్యాలలోనే ఉంచితే నేలమీద కదిలే అవకాశం పోతుంది, చాప పరిచి వదలండి. వాకర్ బండి కొనకండి. ముందే పుట్టిన పిల్లలకు మునివేళ్ల మీద నిలబడే అలవాటు ఎక్కువ, బండి దాన్ని ఇంకా పెంచుతుంది. చంకన ఎత్తుకోవడం మంచిది. తొడలు విడిపోయి ఉంటాయి, బిడ్డ లోకాన్ని చూస్తుంది.

జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద జిల్లా స్థాయిలో ఏర్పాటైన డైస్ కేంద్రాల్లో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే చోట్లు) ఫిజియోథెరపీ, మాట, చూపు, వినికిడి సేవలు ఉచితం. దారి తెలియకపోతే ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ నీపిడ్‌లోనూ చిన్నపిల్లలకు శిక్షణ ఉంది.

సాంబ్రాణి, వసకొమ్ము, కాటుక?

మూడూ వద్దు. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, కట్టెల పొయ్యి, బీడీ పొగ అన్నీ ఈ పిల్లల ఊపిరితిత్తులకు నేరుగా దెబ్బ. మాటలు త్వరగా వస్తాయని వస అరగదీసి నాకిస్తే మాటలు రావు, వాంతులు, మగత రావచ్చు. కాటుకలో సీసం ఉండొచ్చు. ముక్కులో, చెవిలో నూనె పోయడం, ముక్కులోకి ఊదడం కూడా మానాలి. నూనెతో మృదువుగా ఒళ్లు రాయడం మంచిదే, నలుగు పెట్టి రుద్దడం వద్దు.

ఊరికే జలుబు, ఆయాసం. ఎన్నాళ్లు ఇలా?

మొదటి రెండేళ్లు కష్టకాలం. ముఖ్యంగా 36 వారాల వయసు దాకా (కడుపులో గడిపిన వారాలు కలిపి లెక్కేస్తే) ఆక్సిజన్ కావాల్సి వచ్చిన పిల్లలకు. తర్వాత ఊపిరితిత్తులు పెరిగేకొద్దీ తగ్గుతుంది. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన 40 లేదా అంతకు మించితే వేగమే. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు మానేసినా, ఒళ్లు చల్లబడి మగతగా ఉన్నా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. దారిలో బిడ్డను గుండెలకు హత్తుకునే తీసుకెళ్లండి.

గజ్జల్లో ఉబ్బు కనిపిస్తోంది.

హెర్నియా కావచ్చు, మగపిల్లల్లో ఎక్కువ. దానంతట అది తగ్గదు, ఆపరేషన్ కావాలి. గట్టిపడి, రంగు మారి, వాంతులవుతుంటే గంటల్లో పని.

మాటలు రావడం లేదు.

ముందు వినికిడి మళ్లీ పరీక్షించండి. కరెక్టెడ్ 18, 24 నెలలకు ఆటిజం ప్రశ్నావళి కూడా చేయించాలి, ఈ పిల్లల్లో అది కొంత ఎక్కువ. రెండేళ్ల లోపు ఫోన్, టీవీ వద్దు. అన్నం తినిపించడానికి ఫోన్ ఇస్తే తిండీ, మాటా రెండూ వెనకబడతాయి.

బడిలో వెనకబడతారా?

తెలివి మామూలుగా ఉన్నా లెక్కలు, ఏకాగ్రత, బోర్డు మీది రాత చూసి రాసుకోవడం కొందరికి కష్టమవుతుంది. దీన్ని బద్ధకమని కొట్టే ఇళ్లు, బడులు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. మెదడులో సమాచారాన్ని చేరవేసే తీగలు చివరి మూడు నెలల్లో వేగంగా అల్లుకుంటాయి. ఆ అల్లిక బయట, ఆసుపత్రి వెలుతురులో, చప్పుళ్ల మధ్య జరిగింది. కొన్ని పనులకు సమయం ఎక్కువ పడుతుంది, అంతే. ఐదారేళ్లకు సైకాలజిస్టు చేత ఒకసారి పూర్తి మదింపు చేయించండి.

చేర్చే ఏడాది గురించి కూడా ఆలోచించాలి. ఆగస్టులో పుట్టాల్సిన బిడ్డ మే నెలలో పుడితే, జూన్‌లో తెరిచే బడిలో పుట్టిన తేదీ లెక్కన ఒక తరగతి ముందు చేరే వీలుంటుంది. అలాంటి బిడ్డను ఏడాది ఆపి చేర్చడమే మేలని మా అభిప్రాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఉంది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. పదో తరగతి దాకా ఆగి పరుగులు పెట్టకండి.

పెద్దయ్యాక ఏమైనా వస్తాయా?

ఎక్కువమంది చదువుకుని, ఉద్యోగాలు చేసుకుని, పిల్లల్ని కని మామూలుగానే బతుకుతారు. బీపీ, షుగర్ వచ్చే అవకాశం మాత్రం కొంత ఎక్కువ. మూత్రపిండాల్లో వడపోత గుళికలు సుమారు 36 వారాల దాకా తయారవుతూనే ఉంటాయి. ముందే పుడితే అవి తక్కువగా మిగులుతాయి. అందుకే చిన్నప్పటి నుంచే చెకప్‌లో బీపీ చూడమని అడగండి. మూడేళ్లు నిండాక ఏటా చూడాలి. చిన్నప్పుడు సన్నగా ఉన్నాడని ఆ తర్వాత కుక్కి కుక్కి లావు చేయడం ఈ ముప్పును పెంచుతుంది. నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దని, పొగ తాగొద్దని యుక్తవయసులో చెప్పాలి. ముప్ఫై ఏళ్ల వయసులో కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా "నేను 30 వారాలకు పుట్టాను, ఇన్ని రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను" అని చెప్పగలగాలి. ఆ డిశ్చార్జ్ కాగితాన్ని ఇవాళే ఫోటో తీసి రెండుచోట్ల దాచండి.